ఏడో నంబరు పొట్టేలు

బస్సులో ఎవరైనా కాగితం చదివి పెట్టమంటే నాకు చిరాకు. వెంకటాచలంలో ఎక్కి నా పక్కన కూర్చున్న గొర్రెల కాపరి ఆ పనే చేశాడు.

"ఇంగ్లీషులో ఉండాదన్నా, కాస్త చూడు. మా మందలో ఈసారి పుట్టిన మంచి పిల్లలకి తండ్రి ఏ పొట్టేలో డాక్టర్లు రక్తాలు తీసి తేల్చినారంట. నాలుగో నంబరే అయ్యుంటాది. దాని కొమ్ములేంది, ఆ నడకేంది!"

చదివాను. పిల్లల డీఎన్‌ఏ గుర్తులు ఒకే ఒక్క పొట్టేలుతో కలిశాయి.

"తొమ్మిది పిల్లలకీ తండ్రి ఏడో నంబరు," అన్నాను.

"ఆ కుంటిదా?" అంటూ లేచి నిలబడ్డాడు. దాన్ని కోతకి బేరం పెట్టేశాడట. తోలుకుపోవడానికి ఆ పొద్దునే మనిషి వస్తాడట. భార్యకి ఫోన్ చేసి, బస్సంతా వినబడేలా అరిచాడు: "ఏడోదాన్ని ఇయ్యబాకే! అన్నీ దాని పిల్లలే!"

స్పీకర్లో ఆమె గొంతు తాపీగా వచ్చింది. "కొనేదానికొచ్చినాయన్ని ఉత్త చేతుల్తో ఎప్పుడో పంపించేసినా. పిల్లల మొహాలు చూస్తే తెలవడంలా? నీకు కొమ్ములు తప్ప ఏం కనపడతాయి!"

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వుతూ ఫోన్ నా నోటి దగ్గర పెట్టాడు.

"ఇంకోసారి చదువన్నా, ఆమె వింటాది."

గొంతెత్తి చదివాను.