మాటలు మా పెద్దన్నవి

గల్ఫ్‌ల ఉన్నప్పుడు, రూవిల మా రూమ్‌ల ఆరుగురం ఉండేటోళ్లం. అన్నం తినేటప్పుడు కింద పరుచుకోను కంపెనీ ఆఫీసు నుంచి పాత ఇంగ్లీషు పేపర్లు తెచ్చుకునేది. దాంట్ల రోజూ ఒక బొమ్మల కథ వచ్చేది. పొడుగు ముక్కు మొగడు, చీపురు పట్టుకున్న పెండ్లం. మాకు చదువరాకున్నా, ఆళ్ల మీద చారు ఒలకవోసుకుంట తినీ తినీ సుట్టాల లెక్కనే అయిన్రు.

ఒక శుక్రవారం తెలుగు సినిమా తెస్తనని పోయిన పెద్దన్న, క్యాసెట్ల దుకాణంల అట్ట మీద ఆ ముక్కును చూసి అదే కిరాయికి పట్టుకొచ్చిండు. పెద్దన్నంటే జగిత్యాల దిక్కు మేస్త్రి, మా రూమ్‌ల అందరికంటె పెద్దోడు.

"మన పేపరోడు సినిమాల చేసిండురా!"

పెడితే ఎన్నడిదో నల్ల తెల్ల సినిమా. మొగడు పెండ్లం ఒకటే అరుసుకుంటున్నరు. ఒక్క ముక్క సమజైతలేదు. అందరు తిట్టుడు షురూ చేసేసరికి పెద్దన్న ఆవాజ్ బంద్ చేసి టీవీ పక్కన కూసున్నడు.

"మాటలు నేను చెప్త, ఇనుండ్రి."

అప్పటికి నేను, నా పక్క మంచపాయన మాట్లాడుకోక నెల దాటింది. పప్పుల ఉప్పు కాడ లొల్లి. వంట నాది, నోరు ఆయనది. ఏదన్న చెప్పాల్నంటె పెద్దన్నతోనే చెప్పి పంపేది.

తెర మీద పెండ్లం చీపురు లేపింది. పెద్దన్న సన్నగొంతు తీసిండు: "ఏమయ్యా, పప్పును సముద్రంల ముంచి తెచ్చినవా?"

మొగడు నోరు తెరిసిండు. "నీ నాలికెనే మీ అవ్వ ఉప్పుల ఊరవెట్టింది!"

రూమంత నవ్వుడు. నాకు చెవులు కాలినయ్.

"నేనట్ల అనలే," అన్న.

"అన్నవ్," అన్నడు పక్క మంచపాయన, గోడ దిక్కు చూసుకుంటనే. "మా అవ్వ దాంక పోయినవ్."

"మీ అవ్వను నేనెందుకంట? నీకెవలు చెప్పిన్రు?"

ఆయన నా దిక్కు తిరిగిండు. ఇద్దరం కలిసి పెద్దన్న దిక్కు చూసినం. నెల దినాలు మా మాటలు మోసింది ఆయనే. మోసేటప్పుడు తనకు తోచింది కొంచెం కలుపుకుంట మోసిండన్నట్టు.

పెద్దన్న జంకలే. మళ్ల సన్నగొంతే తీసిండు: "సినిమా నడుస్తుంటె లొల్లేంది, కూసోండ్రి!"

పక్క మంచపాయనకే ముందు నవ్వొచ్చింది, తర్వాత నాకు. తెల్లారి నా పప్పు తిని, ఉప్పెక్కువైందని నా మొకం మీదనే చెప్పిండు.

మా నవ్వులు ఇని వచ్చిన పక్క రూమోళ్లు మాత్రం, మళ్ల సినిమా పెట్టుండ్రని మమ్ముల ఇడువలే. పై శుక్రవారం అసలైన తెలుగు సినిమానే తెచ్చి పెట్టినం. జరసేపు చూసి, ఆళ్లల్ల ఒకాయన లేచి ఆవాజ్ బంద్ చేసిండు.

"ఇట్లుంటె మజా లేదు," అన్నడు. "పెద్దన్నా, నువ్వే చెప్పు."