మాయ గొంగడి బాలేదు, యాదన్నా...

మా చిన్నప్పుడు మొయినాబాద్‌లో సాయంత్రం బడి వదలగానే నేను బస్టాపుకు పోయేదాన్ని కాదు... దాని పక్కనున్న యాదన్న జిరాక్స్ షాపుకు ఉరికేదాన్ని. మా ఆలూరు బస్సు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. అదొచ్చేదాకా జిరాక్స్ మిషను వెనక, కాగితాల కట్ట మీద నా కూర్చోవడం.

షాపులో ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మల కథల పుస్తకాలు వేలాడదీసేవాడు యాదన్న. మేం మిర్చి బజ్జీలు తిన్న చేతులతో పట్టుకుంటామని, పాడైపోయిన జిరాక్స్ కాగితాలు తిరగేసి ప్రతి పుస్తకానికీ అట్ట వేసేవాడు. దాంతో ముందుండే రంగుల బొమ్మ కాస్తా కనిపించకుండా పోయేది.

మరి ఏది మంచి పుస్తకమో ఎలా తెలియాలి? "చదివినోళ్లే చెప్పాలె" అనేవాడు. చదవడం అయ్యాక ఆ తెల్ల అట్ట మీద స్కెచ్ పెన్నుతో నిజం రాసి, కింద పేరు పెట్టాలి. మా దగ్గర అదే కిరాయి... ఊరికే "బాగుంది" అంటే ఊరుకునేవాడు కాదు. "ఏం బాగున్నది? ఎందుకు బాగున్నది? జర చెప్పరాదు" అని వెంటపడేవాడు.

అబ్బో, ఏం రాసేవాళ్లమో! "దయ్యం మంచిది, హీరో దండగ." "ఇది పులి కాదు, మా ఇంటి కుక్క." తాడు మీద అన్నీ అవే...

అవి సాఫ్ట్‌వేర్ గాలి వీస్తున్న రోజులు. నా పక్క బెంచీ స్వాతి వాళ్లు ఆ ఉద్యోగం కోసమే గుంటూరు వైపు నుంచి వచ్చి మొయినాబాద్‌లో దిగారు. ఆ గాలి మా బాపుకూ సోకింది. అందుకే నన్ను అంత దూరం ఇంగ్లీషు మీడియానికి పంపాడు. "బొమ్మల పుస్తకాలు చదివితే సాఫ్ట్‌వేర్ అయితవా?" అని ఒక్క పుస్తకం కొనిపెట్టలేదు. నాకున్నదల్లా ఆ తాడే.

ఓ వేసవి ముందు, తాడు మీద మొట్టమొదటి క్లిప్పుకు కొత్త పుస్తకం వచ్చింది. యాదన్న సొంతంగా గీసింది! కరెంటు పోయి మిషను ఆగినప్పుడల్లా గీశాడట. తన మిషను మీదే జిరాక్స్ తీసి, పిన్నులు కొట్టాడు. ఆ రోజు ఆయన మొహం చూడాలి... పెళ్లికొడుకే!

అట్ట మీద అప్పటికే అందరూ "సూపర్ అన్న" అని రాసేశారు. నేను చదివాను. ఓ గొర్రెల కాపరికి మాయ గొంగడి దొరుకుతుంది. కప్పుకుంటే ఎవరికీ కనిపించడు. సరే... కనిపించకుండా పోయి ఏం చేస్తాడు? ఊళ్లోవాళ్లకు నీతులు చెబుతాడు! చివరిదాకా అదే...

స్కెచ్ పెన్ను తీశాను. స్వాతి నా చెయ్యి పట్టుకుంది. "పిచ్చా నీకు? ఆయన గీశాడే! బాధపడడూ?"

నాకూ భయమే. యాదన్నకు కోపం వస్తే నాకు తాడూ లేదు, పుస్తకాలూ లేవు. కానీ నిజం రాయమన్నదీ ఆయనే కదా! రాసేశాను. "గొర్రెల బొమ్మలు బాగున్నాయి. మాయ గొంగడి ఉండి నీతులు చెప్పడం బాలేదు. సగం నుంచి విసుగొచ్చింది. పద్మ, ఏడో తరగతి."

యాదన్న అది చదివాడు. మళ్లీ చదివాడు. "బస్సొచ్చింది, పో" అన్నాడు. బస్సేమీ రాలేదు.

ఆ వారమంతా బస్టాపులోనే ఎండలో నిలబడ్డాను. షాపు వైపు తల తిప్పితే ఏడుపొచ్చేది. చివరికి ఆయనే కేకేశాడు. "ఓ పద్మా! ఎండల ఎందుకు నిలబడ్డవ్? లోపలికి రా!"

వెళ్లి చూస్తే... మాయ గొంగడి మొదటి క్లిప్పుకే ఉంది. నా రాత అందరికీ కనిపించేలా బయటికి తిప్పి పెట్టాడు.

"గీళ్లంత నా మొఖం చూసి రాసిండ్రు" అన్నాడు. "నువ్వొక్కదానివే ఆఖరిదాంక చదివినవ్ బిడ్డా."

ఆ షాపు రోడ్డు వెడల్పులో పోయింది. యాదన్న ఇప్పుడు మోకిలలో విల్లాల ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు. బాపు కోరుకున్నట్టే నేను సాఫ్ట్‌వేర్ అయ్యాను. ఇంటికొచ్చాక ఇక్కడే, ఈ పేజీలో బొమ్మల కథల మీద రివ్యూలు రాస్తుంటాను, మీకు తెలిసిందే.

నిజం చెప్పాలంటే అలసిపోయాను... పుస్తకం పంపేవాళ్లు "కొంచెం పాజిటివ్‌గా అక్కా" అంటారు. బాలేదంటే "ముందు మీరొకటి గీసి చూపించండి" అంటారు. రోజంతా ఆఫీసులో తల ఊపి వచ్చి, రాత్రి ఈ గొడవ పడే ఓపిక ఎక్కడిది?

అందుకే మొన్నో పుస్తకానికి "బొమ్మలు కనువిందు, తప్పక చూడండి" అని రాసి ఊరుకున్నాను. కింద అన్నీ ఎర్ర గుండెలే. వాటి మధ్య యాదన్న కామెంటు... "బొమ్మల గురించి రాసినవ్. కథ ముచ్చటే తియ్యలె. ఆఖరిదాంక చదివినవా బిడ్డా?"

చదివాను యాదన్నా. సగం నుంచి విసుగొచ్చింది.

ఆ ముక్కే పోస్టులో చేర్చాను. పుస్తకం పంపిన అబ్బాయి ఫోన్ చేసి నొచ్చుకున్నాడు. ఇక వాళ్ల పుస్తకాలు రావు. యాదన్నేమో... లైక్ కూడా కొట్టలేదు!

ఇప్పుడు అందరం అందరికీ "సూపర్" అంటున్నాం. చివరిదాకా చదివేవాళ్లే కరువయ్యారు... మీ మొహం చూసి కాకుండా మీరు చేసిన పని చూసి మాట చెప్పిన మనిషి మీ చిన్నప్పుడు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి రాయండి. ఈ పోస్టు సగంలోనే విసుగొచ్చిందంటే అదీ రాయండి... కింద మీ పేరుతో.