కోయని ఆఖరి పేజీలు

నిజాం పాలన ఆఖరి రోజుల్లో, లింగంపల్లి స్టేషన్లో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో పిల్లల పుస్తకం ఉంది. బుల్లి దేవకన్య కథల్లో ఐదోది, చివరిది. ఆఖరి పేజీల అంచులు అచ్చైనప్పటి మడతలతో అతుక్కునే ఉన్నాయి, ఎవరూ కోయలేదు.

ఆవిడ జడలోంచి పిన్ను తీసి నాకిచ్చింది.

"జర కోసి సదువుండ్రి. నాలుగు భాగాలు మా బిడ్డకు నేనే సదివిన. ఐదోది అచ్చయ్యేదాక బిడ్డ ఆగలే. దవాఖానల అడిగితే, దేవకన్య ఇల్లు చేరిందని చెప్పిన. నిజమేనా? నాకు చూడబుద్ధి అయితలేదు."

కోసి చదివాను. దేవకన్య వానలో తడుస్తూ తన పుట్టగొడుగు ఇంటికి చేరి, పొయ్యి రాజేసి పాలు కాచుకుంది.

"చేరిందమ్మా," అన్నాను.

"పుస్తకంలనన్న చేరింది."

పిన్ను తీసుకుని జడలో పెట్టుకుంది. పుస్తకం తీసుకోలేదు.

తర్వాత మా పిల్లలకు నాలుగు భాగాలే చదివి వినిపించాను. ఐదోది ఆ పాపదే అనిపించి, ఉందని చెప్పలేదు.