సాహెబు ఎర్ర కారుకు టర్బోనా, సూపర్‌ఛార్జరా?

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను ఖరగ్‌పూర్‌లో ఒక రైల్వే వర్క్‌షాపు టర్బో సెక్షన్‌కు ఇన్‌ఛార్జిగా వేశారు. హోదా సీనియర్ సెక్షన్ ఇంజనీరు. లైన్లన్నీ కరెంటు ఇంజన్ల చేతికి పోతున్న రోజులవి. డీజిల్ పని పలచబడి, మాకు తీరిక ఎక్కువైంది.

మా అసిస్టెంట్ వర్క్స్ మేనేజరు బిశ్వాస్ గారు అప్పుడే ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నారు. రెండే సీట్లు. చూపుకు చిరుతపులే గాని, న్యూ సెటిల్‌మెంట్ రోడ్డు మీద టోటోలనే బ్యాటరీ రిక్షాలు కూడా దాన్ని దాటుకుని పోయేవి. ఒకరోజు ఆయన నన్నూ, పక్కన బ్లోయర్ సెక్షన్ చూసే కూర్మారావునూ పిలిచారు. సొంత ఖర్చుతోనే బిగించుకుంటానని, టర్బోఛార్జరు మేలా, సూపర్‌ఛార్జరు మేలా చెప్పమని అడిగారు.

రెండూ చేసేది ఒకటే పని: ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపడం. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండి బలం పెరుగుతుంది. టర్బోను పొగగొట్టం వైపు పోయే వేడి వాయువు తిప్పుతుంది. ఊరికే పోయేది పనికొస్తుంది గాని, యాక్సిలరేటర్ తొక్కాక అందుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. సూపర్‌ఛార్జరును ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. తొక్కగానే పలుకుతుంది గాని, ఇంజన్ బలంలో కొంత తనే తినేస్తుంది.

ఈ నాలుగు ముక్కలు అక్కడే చెప్పి రావచ్చు. కానీ రైల్వేలో ముప్పై ఏళ్లు చేసినవాళ్లం. మాకు మేమే కమిటీ అయిపోయాం. నా ఓటు టర్బోకి, కూర్మారావు ఓటు సూపర్‌ఛార్జరుకి.

"సాహెబు బండి బజారు తిరుగుతాదా, రాజధాని ఎక్స్‌ప్రెస్‌ని లాగుతాదా? నీ టర్బో అందుకునేసరికి గోల్‌బజార్ దాటిపోద్ది," అన్నాడతను.

"నీ బెల్టు తెగితే బండి నువ్వు తోస్తావేటి?" అన్నాను.

దాంతో మాటలు బందు. మూడు వారాలు ఎవరి నోట్ వాళ్లం రాసుకున్నాం. నాది నాలుగు పేజీలు. అతనిది నాలుగున్నర అని తెలిసి, నేనొక పటం జోడించాను.

మా రైల్వే కాగితాల్లో టర్బోను 'టర్బో సూపర్‌ఛార్జర్' అంటారు. అలవాటుకొద్దీ అలాగే రాశాను. బిశ్వాస్ గారు చదివి, ఇద్దరూ సూపర్‌ఛార్జరే అన్నారని సంతోషించి, కొలతలు తీసుకోమని శనివారం కారు పంపించారు.

నా సెక్షన్‌లో టెక్నీషియన్ అప్పలనర్సమ్మ బానెట్ ఎత్తింది. టేపు ఎక్కడ పెట్టాలో నేనూ కూర్మారావూ మాటల్లేకుండా ఎవరికి వాళ్లం వెతుక్కుంటూ ఉండగా ఆమె లోపలికి వంగి చూసింది.

"సార్, ఇందల టర్బో ఉన్నాది గదా."

"ఎక్కడ?"

"మీ సెయ్యి కిందే."

నిజమే. కొబ్బరికాయంత టర్బో, అప్పటికి చల్లారింది గనక, దాని మీదే చెయ్యానించి నిలబడ్డాను. దాన్నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు వదులై ఊడి వేలాడుతోంది.

"గాలంతా బయటికే పోతంది. ఇంకేటి లాగుతాది?" అంటూ ఆమె గొట్టం ఎక్కించి, స్క్రూడ్రైవరుతో క్లిప్పు బిగించింది. నాలుగు నిమిషాలు పట్టలేదు. ఆఫీసరు కారు మూత తెరిపించమని అడగడానికి అన్నాళ్లూ మాకు నోరు రాలేదు.

కూర్మారావు మూడు వారాల తర్వాత నాతో మాట్లాడాడు. "టర్బో మనమే బిగించినామని సెప్పేద్దాం," అన్నాడు గొంతు తగ్గించి.

అంతలో బిశ్వాస్ గారు రానే వచ్చారు. కారు తీసుకుని ఒక చుట్టు తిరిగి, జుట్టంతా లేచి నిలబడి ఉండగా దిగారు. ఒక్క పూటలో బిగించేశారా, మీ ఇద్దరి పేర్లూ పెద్ద సాహెబుకు చెబుతానని నా చెయ్యి పట్టుకుని ఊపారు. కూర్మారావు పైన క్రేను వైపు చూస్తున్నాడు. అప్పలనర్సమ్మ చేతులు తుడుచుకుంటూ నా వైపు చూస్తోంది.

టర్బో మొదటినుంచీ అందులోనే ఉందని, ఊడింది గొట్టమని, కనిపెట్టింది ఈమె అని చెప్పేశాను.

ఆయన బానెట్ ఎత్తించి ఆ క్లిప్పును చూశారు. మరి ఆ ఎనిమిదిన్నర పేజీలు ఏమిటని హిందీలో అడిగారు.

"థియరీ, సర్," అన్నాడు కూర్మారావు.

ఆ తర్వాత కారుకు ఏ అనుమానం వచ్చినా ఆయన అప్పలనర్సమ్మనే పిలిచేవారు. మమ్మల్ని ఏ కమిటీలోనూ వేయలేదు. ఏది బిగించాలో సలహా చెప్పే ముందు లోపల ఏముందో తెరిచి చూడాలి. బండి పై అధికారిదైతే మూత తెరవమని ముందే అడగాలి. నా సర్వీసులో ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను.