ప్రైమరక్కకు సరిపోయిన రంగు

మనం బాగుపడాలని కోరే మనిషీ, మనం కళ్ళెదుట నుంచి కదిలిపోతే బాగుండునని కోరే మనిషీ ఒక్కరే అయినప్పుడు, ఆ మనిషిని అయినవాళ్ళలో చేర్చాలా, కానివాళ్ళలో చేర్చాలా? ఈ వయసు వచ్చినా నాకది తేలలేదు. తేలనివి ఇంకా చాలానే ఉన్నాయి గానీ, ప్రైమరక్క గుర్తొచ్చినప్పుడల్లా ఇదే ముందుకొచ్చి కూర్చుంటుంది.

ప్రైమరక్క కార్ల షెడ్డులో రంగులు కలిపేది. దెబ్బతిన్న కారుకు ముందు సొట్ట తీసి, పుట్టీ పెట్టి, దాని మీద ప్రైమరు కొడతారు. అసలు రంగు పడేదాకా ఆ ముక్క పాలిపోయిన తెలుపులో దిగులుగా కనిపిస్తూ ఉంటుంది. సొట్టలు తీసే డెంటరు మొదటిరోజే ఆమెను ఎగాదిగా చూసి, "ఈ అక్కకి ప్రైమరు కొట్టి అసలు రంగు వేయడం మర్చిపోయార్రా!" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. పేరు అతుక్కుపోయింది.

ఆమెది నలుగురూ మెచ్చుకునే తెలుపు కాదు. ముంజేతి మీద నరాలు దారపు పోగుల్లా లెక్కకు దొరికేవి. కాసేపు ఎండలో నిలబడితే కందిపోయేది, నీడకు రాగానే మళ్ళీ సున్నం. తెల్లగా ఉంటే చాలనుకునే జనమే, మరీ అంత తెలుపు ఎదురైతే గుమ్మంలోనే ఆగి, "ఒంట్లో బాగుండడం లేదా అమ్మా?" అని అడిగేవాళ్ళు. అడిగి ఊరుకోక, మందులు కూడా చెప్పేవాళ్ళు.

నలభైకి దగ్గరపడ్డ ఆ మనిషి అన్నావదినల ఇంట్లో, వెనకవైపు గదిలో ఉండేది. అన్న నోట్లో నాలుక లేనివాడు. వదిన ఒక పెద్ద దుకాణంలో సౌందర్య సాధనాల కౌంటరు దగ్గర పనిచేసేది. ముఖానికి పూసుకునే ఫౌండేషన్ సీసాలు వదిన చేతుల మీదుగానే ఇంటికొచ్చేవి. వచ్చినవన్నీ గులాబీ రంగువే. అవి రాసుకుంటే ఆమె ముఖం ఒకళ్ళది, మెడ ఇంకొకళ్ళది అయ్యేది.

"ప్రైమరక్కా, బంపరు మార్పించావా? కలర్ మ్యాచ్ కాలేదే!" అనేవాడు డెంటరు.

"నీ సుత్తి నీ పని మీద పెట్టరా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అనేది ఆమె. అనేసి, రంగుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ముఖమంతా తుడిచేసేది.

నిజానికి తన తెలుపులో ఏముందో ఆమెకు తెలుసు. ప్రతి తెలుపుకీ ఒక అడుగురంగు ఉంటుంది. ఒక తెలుపు కింద గులాబీ నిద్రపోతుంటుంది, ఒక తెలుపు కింద పసుపు. ఆమె చర్మం కింద ఉన్నది లేత ఆకుపచ్చ, తెల్ల రంగులో చుక్క పసుపూ సగం చుక్క నలుపూ పడితే వచ్చే పచ్చ. దాని మీద గులాబీ పూస్తే బూడిద కాక ఇంకేమవుతుంది? ఎవరి కారుకైనా రంగు కలిపి ఇవ్వగల మనిషి, తన ముఖం దగ్గరికొచ్చేసరికి వదిన తెచ్చిన సీసా మీద ఆధారపడాల్సి వచ్చింది. కార్ల రంగు ముఖానికి పూసుకోలేం కదా!

ఇన్నేళ్ళుగా ముఖాలు చూస్తూ బతికే వదినకు ఈ సంగతి తెలియదా? తెలిసే ఇస్తోందని ప్రైమరక్క అనుమానం. ఆ అనుమానానికి ఎరువు కూడా బాగానే పడింది. భోజనాల దగ్గర వదిన ఆమెను అదేపనిగా చూసేది. తలెత్తితే చూపు తిప్పేసుకునేది. 'ముద్దలు లెక్కపెడుతోంది' అనుకునేది ప్రైమరక్క. ఒక సాయంత్రం పెందలాడే ఇంటికొస్తే, వదిన ప్రైమరక్క గదిలో టేపుతో గోడ కొలుస్తూ కనబడింది.

"కిటికీకి తెర కుట్టిద్దామని," అంది వదిన, టేపు చుట్టేస్తూ.

కిటికీ అటువైపు గోడకుంది. ఆవిడ కొలుస్తున్నది ఇటువైపు గోడ. ఆ రోజు నుంచి ప్రైమరక్కకు, ఎదుగుతున్న మేనకోడలు హాల్లో పుస్తకాలు పరుచుకుని కూర్చున్న ప్రతిసారీ ఆ గోడ గుర్తొచ్చేది.

అలాంటి రోజుల్లో షెడ్డు యజమాని ఆమెను పిలిచాడు. వేరే ఊళ్ళో ఇంకో షెడ్డు తెరుస్తున్నారట. రంగుల కంపెనీ వాళ్ళకు కూడా అందులో వాటా ఉంది. రంగుల పనంతా చూసుకునే కుర్చీ ఆమెకివ్వాలని అతని ఆలోచన. పైన ఉండడానికి ఒక గది కూడా ఇస్తారు. ఆ గది మాట వినగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. ఎవరూ టేపు పట్టుకుని రాని గది!

"పని నీకు రాదని ఎవడంటాడమ్మా," అన్నాడు యజమాని, మెడ గోక్కుంటూ. "కానీ ఆ కుర్చీ కౌంటర్లో ఉంటుంది. వచ్చినవాడు ముందు నీ ముఖం చూస్తాడు. బండి ఇచ్చి వెళ్తే, తిరిగొచ్చేదాకా ఈవిడ ఉంటుందా అని అనుకోకూడదు కదా. కంపెనీ మనిషి వచ్చే వారం చూడ్డానికొస్తున్నాడు. కాస్త... ఆ ముఖం సంగతి చూసుకో."

ఆమెకు మింగాలో కక్కాలో తెలియలేదు. ఇంటికెళ్ళి సంగతి చెబితే అన్న "మంచిదేగా" అన్నాడు. వదిన మాత్రం చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయి, "గది కూడా ఇస్తారా?" అంది. ఉద్యోగం గురించి కాదు, గది గురించి.

కంపెనీ మనిషి రావడానికి ఇంకా నాలుగైదు రోజులుందనగా, మధ్యాహ్నం షెడ్డులో ఆమె సంచి తెరిస్తే క్యారేజీ పక్కన చిన్న గాజు సీసా కనిపించింది. పేరు లేదు, చీటీ లేదు. లోపల చిక్కటి ద్రవం, పాలకన్నా ఒక మెట్టు కిందున్న తెలుపు.

మొదటి అనుమానం డెంటరు మీద. మూత తీసి వాసన చూసింది, రంగు పలచన చేసే థిన్నరు కంపు లేదు. 'దురదపొడి కలిపాడేమో!' పాత రేకుముక్క మీద పూసింది, తర్వాత మోచేతి కింద పూసుకుని గంటసేపు కాచుకుని కూర్చుంది. దద్దుర్లు లేవలేదు. డెంటరు అటుగా వస్తే సీసా చూపించి, "ఇదేంట్రా?" అని గద్దించింది.

"నాకేం తెలుసక్కా? పాలా? తాగి చూడనా?"

వాడి ముఖంలో దొంగతనం లేదు. వాడికి ఆట పట్టించడం తెలుసు గానీ, దాచుకోవడం తెలియదు.

అద్దం ముందుకెళ్ళి దవడ అంచున ఒక చుక్క పెట్టి వేలితో పులిమింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. గులాబీ లేదు. పచ్చ ఉంది! ఆ లోపలి లేత పచ్చను ఎవరో పట్టుకున్నారు. సంతోషం కలగాల్సిన చోట ఆమెకు ఒళ్ళు జలదరించింది. తన ముఖాన్ని ఇంత దగ్గరగా, ఇంత ఓపికగా చూసింది ఎవరు? ఎప్పుడు చూశారు? ఎందుకు చూశారు?

బయటికొచ్చి ఎండలో చూసుకుంది. అక్కడ ఆ చుక్క బయటపడిపోయింది. రవ్వంత నీలం తిరిగి, చర్మం మీద మచ్చలా నిలబడింది.

రంగులు కలిపేవాళ్ళకు దీపం నమ్మకద్రోహి. ఒక దీపం కింద అచ్చుగుద్దినట్టు కలిసిన రంగు, ఇంకో దీపం కింద పరాయిదైపోతుంది. అందుకే షెడ్డులో ఏ రంగు కలిపినా ఎండలోకి పట్టుకెళ్ళి చూడకుండా కారు మీద వేయనిచ్చేది కాదామె. సీసా కలిపినవాళ్ళకు ఆ అలవాటు లేదు. ఎక్కడ కలిపారో అక్కడే చూసి, సరిపోయిందనుకుని మూత పెట్టేశారు. అంటే ఏ దీపం కింద ఈ మచ్చ మాయమవుతుందో, ఆ దీపం కిందే ఈ రంగు పుట్టి ఉండాలి.

దవడ మీద చుక్క తుడవకుండా ఆమె దొంగ కోసం బయల్దేరింది. రంగుల గది ట్యూబులైటు కింద చూసింది, మచ్చ ఉంది. యజమాని గదిలో, పని లేకపోయినా పని కల్పించుకుని వెళ్ళి, అతని వెనకనున్న అద్దంలో చూసింది, ఉంది. సాయంత్రం దారిలో వదిన దుకాణం అద్దాల దగ్గర ఆగింది. లోపల పగటిలాంటి తెల్లటి వెలుగు. తలుపు పక్క నిలువుటద్దంలో దవడ తిప్పి చూసుకుంది. మచ్చ అక్కడా ఉంది. దూరంగా కౌంటరు దగ్గర వదిన ఎవరి చెంపకో గులాబీ రాస్తూ నవ్వుతోంది. ఇక్కడ కలపలేదు. మరెక్కడ?

ఇంటికొచ్చి, భోజనాల బల్ల మీద వేలాడే పాత పసుపు బల్బు వేసి, చేతి అద్దం తీసింది.

మచ్చ లేదు. ఎంత వెతికినా లేదు.

రోజూ ముఖం కడుక్కుని, ఏ పూతా లేకుండా ఆమె భోజనానికి కూర్చునేది ఆ బల్బు కిందే. ఎదురు కుర్చీ వదినది. భోజనాలయ్యాక వదిన బల్ల చివర ఏదో చిన్న గిన్నె పెట్టుకుని పుల్లతో కలుపుతుంటే గోళ్ళరంగు అనుకుంది తను.

ఆ రాత్రి అన్నా వదినా భోజనాలకు కూర్చున్నాక ఆమె సీసాను బల్ల మధ్యలో పెట్టింది.

"వదినా, ఇది ఎవరిది?"

"నీ సంచిలో ఉంటే నీదే."

"నా సంచిలో ఉందని నేను చెప్పలేదే?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకపోయినా అన్న అందుకున్నాడు. "నాకేం తెలీదే తల్లీ. నన్ను చూడకు."

"ఈ బల్బు కింద కలిపింది వదినా ఇది. బయటికెళ్తే నీలం తిరుగుతోంది."

వదిన కాసేపు చూసి, పకపకా నవ్వింది. "అమ్మో! నువ్వు కార్లలో కాదమ్మడూ ఉండాల్సింది, పోలీసుల్లో."

"నవ్వకు. ఇన్నాళ్ళూ గులాబీ ఎందుకిచ్చావు?"

"పెట్టెల్లో వచ్చింది ఇచ్చాను. తెల్లటివన్నీ గులాబీగానే చేసి పంపిస్తారు వాళ్ళు. నీ ఒక్కదాని కోసం పచ్చగా చేస్తారా? నాలుగు రంగుల సీసాలు తిరగేసి, కళ్ళు కాయలు కాసేలా నీ ముఖం చూసి చూసి కలిపాను. నువ్వేమో ముద్దలు లెక్కపెడుతున్నానని అలిగి, సగం తిని లేచిపోయేదానివి."

ప్రైమరక్క చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ముఖంలో ఏదీ దాగదు. అయినా పట్టు వదల్లేదు.

"మరి చేతికివ్వొచ్చుగా? సంచిలో దాచడమెందుకు?"

"చేతికిస్తే రాసుకునేదానివా? ఇందులో ఏం కలిపానోనని పిల్లికి రాసి చూసేదానివి."

రేకుముక్కా మోచెయ్యీ గుర్తొచ్చి ప్రైమరక్క ఒక్క క్షణం తడబడింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడే ఎందుకు కలిపావు? ఆ కుర్చీ నాకు రావాలనా, ఈ ఇంట్లోంచి నేను పోవాలనా?"

అన్న పళ్ళెంలో లేని మెతుకుల కోసం వెతకడం మొదలెట్టాడు. హాలు మూల మేనకోడలు పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

వదిన ఈసారి చూపు తిప్పుకోలేదు. "పిల్లకి గది కావాలి. నీకు ఆ కుర్చీ కావాలి. ఉన్నది ఒకటే సీసా. ఏం చెయ్యమంటావు?"

అది తిట్టయితే ప్రైమరక్క తిరిగి తిట్టేది, ముద్దయితే ఏడ్చేది. రెండూ కానిదాన్ని ఏం చేసుకోవాలో తెలియక, సీసా తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు షెడ్డు బయట, ఎండలో, స్టూలు వేసుకుని కూర్చుంది. పక్కన పాత గులాబీ సీసా పెట్టుకుంది. వదిన కలిపినదాంట్లో పుల్ల మొనతో గులాబీ ఒక్కొక్క చుక్కా వేస్తూ, దవడ మీద చూసుకుంటూ, ఆ నీలం చచ్చేదాకా కలిపింది. ఇన్నేళ్ళు తిట్టుకున్న గులాబీ చివరికి అలా పనికొచ్చింది.

కంపెనీ మనిషి వచ్చిన రోజు డెంటరు ఆమె ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ వెళ్ళి, చివరికి ఆగాడు. "ఏంటక్కా, ఇవాళ ముఖానికి ఏమీ రాసుకోలేదా? ఒంట్లో బాగున్నట్టుందే!"

ఆమె జీవితంలో అంతకన్నా గొప్ప మెప్పు వినలేదు. నమ్మాలా వద్దా అని వాడి ముఖంలోకి ఒకసారి తేరిపార చూసింది కూడా. కంపెనీ మనిషి ఆమె ఆరోగ్యం గురించి అడగలేదు. వెండి రంగు కారు నీడలో ఒకలా, ఎండలో ఒకలా ఎందుకుంటుందని అడిగాడు. ఆమె చెబుతుంటే యజమాని మెడ గోక్కోవడం మానేశాడు. కుర్చీ ఆమెదైంది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఆమే, వదినా. అన్న బండి మాట్లాడడానికి వెళ్ళాడు. మేనకోడలు బడిలో ఉంది. వదిన మేడ మీద బట్టలు ఆరేస్తోంది. తడిబట్టలు దులిపే చప్పుడు, మధ్యమధ్య క్లిప్పు పడ్డ చప్పుడు మెట్ల మీదుగా కిందికి వస్తోంది. గదిలో ప్రైమరక్క మంచం ఖాళీ అయింది. గోడ మీద పెన్సిలుతో గీసిన సన్నటి గీత ఒకటి కనబడింది, బీరువా రావాల్సిన చోట. ఆమె వేలితో ఆ గీతను ముట్టుకుంది గానీ, చెరపలేదు.

తర్వాత హాల్లోకొచ్చి, కుర్చీ ఎక్కి, భోజనాల బల్ల మీది పసుపు బల్బు విప్పింది. షెడ్డు దగ్గరి కొట్లో కొన్న కొత్త బల్బు సంచిలోంచి తీసి బిగించింది. పగటి వెలుగు ఇచ్చేది. ఒకసారి వేసి చూసింది. బల్ల మీది మరకలు, గోడ మీది చెమ్మ, ఎదురుగా వదిన కుర్చీ చేతికి అరిగిపోయిన పాలిష్, అన్నీ ఉన్నవి ఉన్నట్టు బయటపడ్డాయి. ఆర్పేసింది. పాత బల్బును కాగితంలో చుట్టి సంచిలో, గాజు సీసా పక్కన పెట్టుకుంది.

బయట బండి హారను మోగింది. మేడ మీద బట్టలు దులిపే చప్పుడు ఆగింది. వదిన వింటోందన్నమాట. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం ప్రైమరక్క గుమ్మంలో నిలబడింది. అడుగులు వినబడలేదు. పైకి వెళ్ళొచ్చు. ఎక్కాల్సింది ఒక్క అంతస్తే. 'పిలిస్తే వెళ్దాం' అనుకుంది. పైన ఆవిడా అదే అనుకుంటోందేమో.

క్లిప్పు పడ్డ చప్పుడు మళ్ళీ మొదలైంది.

ప్రైమరక్క చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, ఎండలోకి నడిచింది.