తోట గొంతు

2018 వేసవి. నూజివీడు బస్టాండు దగ్గర ఒక మేడ మీద నా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. కింద మామిడికాయల లారీలు, పైన నా పాఠం. ఆ హారన్ల మోతను మించి మాట్లాడి మాట్లాడి నా గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది.

ఆ బ్యాచ్‌లో దుర్గ అని బాపులపాడు అమ్మాయి ఉండేది. డిగ్రీ పాసైంది. వాళ్ల నాన్న సత్యం చెట్లెక్కి కాయ కోసే మనిషి. అంతకుముందు ఏడాది కొమ్మ విరిగి పడ్డాక చెట్టెక్కలేకపోయాడు. గన్నవరం ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్, అంటే ప్రయాణికులను పిలిచి విమానం ఎక్కించే ఉద్యోగం, దుర్గకు వస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. కానీ ఆ పిల్ల నోరు తెరిస్తే ముందు బెంచీకి కూడా వినపడదు. "స్పీక్ అప్ తల్లీ. నీ మాట నీకైనా వినపడుతోందా?" అని రోజూ దెప్పేదాన్ని.

ఒకరోజు బోర్డు మీద గొంతుకు సంబంధించిన మాటలు రాశాను. షౌట్ అంటే కేకేయడం. యెల్ అంటే గట్టిగా అరవడం. స్క్రీమ్ అంటే కెవ్వుమనడం. 'రైజ్ యువర్ వాయిస్' అంటే చాలాసార్లు కోపంతో గొంతు లేపడమే. దుర్గ మెల్లగా లేచింది.

"కోపం లేకుండా, దూరంగా ఉన్నోళ్లని పిలిస్తే ఏమంటారండీ మేడం?"

"కాల్ అవుట్ అంటారు. ఏం?"

"తోటలో మేం చేసేది అదేనండి. నాన్న చెట్టెక్కే రోజుల్లో పైనుంచి పిలిస్తే, కింద గోనెపట్టా పట్టుకున్న నేను 'ఓ' అనాలి. అనకపోతే కాయ వదిలేవాడు కాదు. కిందనుంచి నేను పిలిచినా ఆయనా అలాగే పలికేవాడు. కాలేజీలో అదే గొంతుతో మాట్లాడితే తోట గొంతని నవ్వారండి. అప్పట్నించి తగ్గించేశాను."

నా మనసు చివుక్కుమంది. మర్నాటి నుంచి దుర్గ పాఠం వాళ్ల నాన్న కాయ కోసిన మామిడి తోటలోనే. చెట్ల వరసకు ఆ చివర తను, ఈ చివర నేను. విమానం ప్రకటనలన్నీ చెట్ల మధ్య నుంచి నన్ను పిలుస్తూ చెప్పేది. మొదట పీలగా, పోనుపోను నిండుగా. కోతవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. ఆ మామిడి సొన వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

ఇంటర్వ్యూ హనుమాన్ జంక్షన్‌లో ఒక హోటల్ హాల్లో. నేనూ సత్యం బయట వరండాలో కూర్చున్నాం. లోపల మైకు లేకుండా ప్రకటన చేయమన్నట్టున్నారు. "లాస్ట్ కాల్ ఫర్ హైదరాబాద్" అని దుర్గ గొంతు తలుపు దాటి స్పష్టంగా వచ్చింది. నా పక్కన సత్యం అలవాటుకొద్దీ "ఓ" అని గట్టిగా పలికాడు.

లోపల నవ్వులు. ఈ పిల్ల మళ్లీ ముడుచుకుపోతుందనుకున్నాను. ఒకాయన తలుపు తీసి "ఎవరండీ అది?" అన్నాడు.

సత్యం తువ్వాలు నలుపుకుంటూ లేచాడు. "నేనేనండి. పొరపాటైపోయింది."

లోపల్నుంచి దుర్గ, అంతే నిండుగా: "మై ఫాదర్, సర్. ఐ కాల్డ్, హీ ఆన్సర్డ్." నేను పిలిచాను, ఆయన పలికాడు అని.

ఉద్యోగం వచ్చింది. ఆ మేడ మీద ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. కోతల రోజుల్లో తోటల పక్కగా బస్సు వెళ్తుంటే ఆ వేసవి గుర్తొచ్చి బెంగగా ఉంటుంది. ఎన్నో ఏళ్లు పిల్లలకు గొంతు పెంచమనే చెప్పాను. అవతల 'ఓ' అనే మనిషి ఒకరుంటే గొంతు దానంతటదే పెరుగుతుందని మాత్రం ఆ రోజు హోటల్ వరండాలో తెలిసింది.