జానెడు దూరం

మంగళగిరిలో మా వీధి నేత మామ్మ ఏ కష్టమొచ్చినా "ఇంతటితో ఆపావు, సంతోషం సామీ" అని దండం పెట్టేది. ఒక ఏడు వరద వచ్చి తీసినా, ఆమె మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. అందులో కప్పలు ఈత పోటీ పెట్టుకున్నాయంటే మీరు నమ్మరు. గెలిచినదాన్ని నేను చూశాను. సగం నేసిన చీర నీటికి జానెడు ఎత్తులో ఉంది. మామ్మ అప్పుడూ దండమే పెట్టింది.

నాకు ఆత్రం ఆగలేదు. "తడిస్తే మొత్తం పోతుంది మామ్మా, కోసి తీసేద్దాం," అంటూ కత్తెర అందుకున్నాను.

"దేవుడే జానెడు దూరంలో ఆగాడు, నీకేం తొందర్రా? ఆ బిందె పట్టు," అంది.

ఇద్దరం తోడాం. నేను బిందె బిందెకీ గుంటలోకి తొంగిచూశాను. ఆమె ఒక్కసారీ చూడలేదు. సాయంత్రానికి ఊట ఆగింది, చీర తడవలేదు.

"తడిసుంటే ఏం చేసేదానివి?" అని అడిగాను.

"ఆరేసుకునేదాన్ని," అంది.